పిలిచినా రాలేదంటున్నారు, ఎలా పిలిచారు? వార్డు వడగాడ్పు ప్రణాళిక అందరికీ అందాలంటే

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పట్టణంలో ఒక వార్డు, సుమారు 1,500 ఇళ్ళు. కిందటి ఎండాకాలం నాలుగు చలివేంద్రాలు పెట్టారు, జాగ్రత్తల ఫ్లెక్సీలు కట్టారు, మెయిన్ రోడ్డు పొడవునా మొక్కలు నాటారు. అయినా దళితవాడ నుంచీ, ఉర్దూ మాట్లాడే బస్తీ నుంచీ, ఊరి చివర ఇటుక బట్టీల నుంచీ మీటింగుకి ఎవరూ రాలేదు, చలివేంద్రం దగ్గరా కనిపించలేదు. ఈసారి 5 లక్షలు చేతిలో ఉన్నాయి. వాళ్ళని ఎలా కలుపుకోవాలి?

పిలిస్తే రాలేదన్నది మీ లెక్క. వాళ్ళ లెక్కలో మీరు పిలిచిన వేళకి వాళ్ళు పనిలో ఉన్నారు, పిలిచిన చోటు వాళ్ళది కాదు, పిలిచిన భాష వాళ్ళలో సగం మందికి రాదు. ఈ మూడూ సరిచేయకుండా ‘అవగాహన పెంచాలి’ అని రాసుకుంటే వచ్చే ఏడాది కూడా ఇదే ప్రశ్న అడుగుతారు.

ఇది మీ ఒక్క ఊరి లోపం కూడా కాదు. 2015 ఎండలకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది పోయారు, వాళ్ళలో ఎక్కువ మంది కూలీలూ ముసలివాళ్ళూ. ఆ తర్వాత ప్రణాళికలకి కొదవ లేదు. 2023లో ఢిల్లీలోని పరిశోధన సంస్థ సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ దేశంలోని 37 వడగాడ్పు ప్రణాళికలు తిరగేస్తే, ఎవరికి ఎక్కువ ముప్పుందో నిజంగా లెక్క తీసినవి రెండే తేలాయి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మాట్లాడినవి 11. మిగతా వాటిలో ‘వృద్ధులు, పిల్లలు, కూలీలు’ అని ఒక వాక్యం ఉంటుంది, ఆ వాక్యం ఏ ఇంటి తలుపూ తట్టదు.

కాబట్టి మొదటి పని జాబితా. రోడ్ల జాబితా, జంక్షన్ల జాబితా పక్కన పెట్టండి. ఏ మనిషి ఏ వేళకి ఎక్కడ ఉంటాడు, రాత్రి ఎక్కడ పడుకుంటాడు అన్నదే జాబితా. వార్డు మ్యాపు ప్రింటు తీసుకుని రెండుసార్లు నడవాలి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి. పగటి నడకలో బండ్ల వాళ్ళు, అడ్డా (కూలికి నిలబడే కూడలి) మీద పని దొరక్క మిగిలిపోయిన కూలీలు, చెత్త ఏరేవాళ్ళు కనిపిస్తారు. రాత్రి నడకలోనే అసలు సంగతి బయటపడుతుంది. ఎవరు వీధిలో మంచం వేసుకున్నారు, ఎవరు తలుపులన్నీ మూసుకుని లోపల ఉడికిపోతున్నారు అన్నది అప్పుడే తెలుస్తుంది. పగలంతా ఎండ తాగిన స్లాబూ గోడలూ రాత్రి ఆ వేడిని కక్కుతాయి. ఒంటికి తెరిపి దొరకాల్సిన ఆరేడు గంటలూ దొరక్కపోతే రెండో రోజు, మూడో రోజు మనిషి కూలబడతాడు. ఆడపిల్లలున్న ఇల్లు, ఒంటరి ఆడమనిషి ఇల్లు ఆరుబయట పడుకోలేవు. ఈ ఇళ్ళు ఏ పగటి సర్వేలోనూ దొరకవు.

నడకకి ఆశా కార్యకర్తనీ, మెప్మా (పట్టణ మహిళా సంఘాలని చూసే ప్రభుత్వ సంస్థ) ఆర్పీనీ, ఆ వీధి ఊడ్చే పారిశుధ్య కార్మికురాలినీ వెంట తీసుకెళ్ళండి. ఓటర్ల జాబితా ఆధారం చేసుకోకండి. బట్టీలో ఉన్న ఒడియా కుటుంబం, మెట్ల కింద గదిలో ఉండే వాచ్‌మన్, లేబర్ క్యాంపు, టార్పాలిన్ గుడిసె ఏదీ అందులో ఉండదు. ఆశా దగ్గరి ఇంటింటి రిజిస్టరు కొంత నయం, కానీ అందులోనూ వలస వచ్చిన వాళ్ళు తక్కువే.

మార్కులు వేసే పెద్ద పట్టిక అక్కర్లేదు. ఐదు గుర్తులు చాలు: పైకప్పు రేకులో టార్పాలినో అయి ఉండటం; ఒకే గది, ఎదురుబొదురు కిటికీలు లేకపోవడం; ఇంట్లో 65 దాటినవాళ్ళు, గర్భిణి, బాలింత, పసిబిడ్డ లేదా మంచాన పడినవాళ్ళు ఉండటం; సంపాదించే మనిషి ఎండలోనో పొయ్యి దగ్గరో పనిచేయడం; సొంత కుళాయి గానీ మరుగుదొడ్డి గానీ లేకపోవడం. మూడు గుర్తులున్న ఇల్లు ముందు వరసలోకి వస్తుంది. మందుల సంగతి విడిగా రాసుకోండి. బీపీకి వాడే ‘నీళ్ళ మాత్ర’, మానసిక వైద్యానికి వాడే కొన్ని మాత్రలు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. ఈ వివరం ఏఎన్ఎం (వార్డు ఆరోగ్య నర్సు) దగ్గరే ఉండాలి, గోడ మీద అంటించే జాబితాలోకి రాకూడదు. కులం, మతం మొదట అడగొద్దు. జాబితా పూర్తయ్యాక వాడల వారీగా లెక్క చూడండి. రేకుల ఇళ్ళు ఎక్కువున్న వాడ ముందు వరసలో తక్కువ కనిపిస్తోందంటే మీ నడక అక్కడికి సరిగా వెళ్ళలేదని అర్థం.

ఇక మీటింగు. వార్డు ఆఫీసులో పగలు పదకొండింటికి పెడితే పెన్షనర్లూ, పార్టీ వాళ్ళూ, కాంట్రాక్టరూ వస్తారు. ఒక్క పెద్ద మీటింగు బదులు ఐదు చిన్నవి పెట్టండి. ఊడ్చేవాళ్ళు తెల్లవారుజామున డ్యూటీ ఎక్కుతారు, మధ్యాహ్నం హాజరు పాయింటు దగ్గరే, డ్యూటీ దిగేముందు అరగంట. ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళకి మూడు నుంచి నాలుగున్నర దాకా ఖాళీ. అడ్డా కూలీలని పొద్దున ఆపితే ఆ రోజు పని పోతుంది, వాళ్ళుండే గదుల దగ్గర సాయంత్రం ఏడు తర్వాత కలవాలి. ఉర్దూ బస్తీలో అగరుబత్తీలు చుట్టడం, జరీ పని ఇంట్లోనే జరుగుతుంది, అక్కడ ఆడవాళ్ళని ఆడవాళ్ళే కలవాలి, ఇంకో ఇంటి లోపలే కలవాలి. బస్తీ పెద్దతో మాట్లాడి వచ్చేస్తే బస్తీతో మాట్లాడినట్టు కాదు. దళితవాడలో చర్చి ముందో అంబేడ్కర్ విగ్రహం దగ్గరో కూర్చోవచ్చు. వేరే కులం కమ్యూనిటీ హాలుకి రమ్మంటే నోటితో ‘వస్తాం’ అంటారు, రారు.

వచ్చినవాళ్ళకి మనిషికి 200 రూపాయలివ్వండి. దీనికి ఆడిట్ అభ్యంతరం వస్తుందని భయపడతారు గానీ, ‘సర్వే సహకార గౌరవ వేతనం’ అని ముందే కౌన్సిల్ తీర్మానంలో రాయించుకుంటే ఆ బాధ తగ్గుతుంది. ఆఫీసరుకి మీటింగు డ్యూటీలో భాగం, ఆయన జీతం ఆయనకొస్తుంది. కూలీకి అదే మీటింగు రెండు గంటల సంపాదన.

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం ప్రతి వార్డులో యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖ పౌరుల పేరిట నాలుగు కమిటీలు ఉండాలి, ఒక్కోదానిలో 15 మంది. చాలాచోట్ల ఇవి కాగితం మీదే ఉంటాయి, ఉన్నచోట పేర్లు చూస్తే రెండు మూడు ఇంటిపేర్లే తిరుగుతుంటాయి. కొత్త కమిటీ వేయడం కన్నా వీటిలోనే ముందు వరస ఇళ్ళ నుంచి మనుషుల్ని వేయించడం తేలిక. చట్టబద్ధమైన కమిటీ చెప్పిందని రాస్తే ఇంజనీరింగ్ విభాగం కూడా ఫైలు కదుపుతుంది.

చలివేంద్రం దగ్గరికి ఎందుకు రాలేదంటే రెండు కారణాలు, రెండూ ఎవరూ పైకి చెప్పరు. ఒకటి మరుగుదొడ్డి. బండి పెట్టుకున్న ఆడమనిషి, ఊడ్చే ఆడమనిషి కావాలనే నీళ్ళు తాగరు. తాగితే వెళ్ళడానికి చోటు లేదు. అలాంటి చోట ఎన్ని కుండలు పెట్టినా ఒరిగేదేమీ లేదు. కాబట్టి చలివేంద్రానికి చోటు చూసేముందు 200 అడుగుల లోపు తాళం వేయని, లోపలి నుంచి గడియ పడే, నీళ్ళున్న ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఉందా అని చూడండి. లేకపోతే ఉన్నదాన్ని బాగుచేయడానికో, పెట్రోల్ బంకుతో గానీ బస్టాండుతో గానీ మాట్లాడి తెరిపించడానికో ముందు డబ్బు పెట్టండి. హిజ్రాలు ఏ మరుగుదొడ్డికి వెళ్తారో వాళ్ళనే అడగాలి, మీరు ఊహించుకుని బోర్డు రాయించొద్దు.

రెండోది గ్లాసు. కుండలో చెంబు ముంచి పోసే పద్ధతిలో, ఎవరు పోస్తారు, ఎవరికి ఎత్తి పోస్తారు అన్న పాత జబ్బు ఇంకా పోలేదు. అడుగున కుళాయి బిగించిన కుండ పెట్టండి, ఎవరి చెయ్యీ నీళ్ళలో పడదు, ఎవరూ ఎవరికీ పోయనక్కర్లేదు. శుభ్రతకీ అదే మంచిది. నిర్వహణ దళితవాడ మహిళా సంఘానికీ, ఉర్దూ బస్తీ సంఘానికీ చెరొకటి ఇవ్వండి, రోజుకి 400 చొప్పున డబ్బులిచ్చి. దాతల పేర్లతో పెట్టినవి ఫోటో అయ్యాక మూడో రోజుకి ఎండిపోవడం మామూలే.

నీళ్ళ లెక్క కూడా కాగితం మీద వేసుకోండి. ఎండలో పనిచేసే మనిషికి పావుగంట, ఇరవై నిమిషాలకో గ్లాసు చొప్పున గంటకి ముప్పావు లీటరు కావాలి. 25 మంది పారిశుధ్య కార్మికులు, ఆరు గంటలు అంటే 112 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఆరు. ‘రెండు క్యాన్లు పంపాం’ అన్న మాట వినగానే ఈ లెక్క గుర్తురావాలి. క్యాను చెత్త బండితో పాటు కదలాలి, ఆఫీసులో ఉంటే పనిచేసే వీధికి రాదు.

డబ్బులో పెద్ద వాటా పైకప్పులకి పోవాలని నా అభిప్రాయం. మొక్క నీడనివ్వడానికి ఐదారేళ్ళు పడుతుంది, అదీ మెయిన్ రోడ్డు మీద. ఆరడుగుల సందులో నాటడానికి చోటే ఉండదు. రేకు మీద తెల్ల రంగు వేసిన వారంలోనే తేడా తెలుస్తుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 ఇళ్ళ మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు, రాత్రి పదింటికి రేకుల కింద పసిబిడ్డతో ఉన్నవాళ్ళని అడగండి. తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2023-28 వచ్చినప్పుడు చదరపు మీటరుకి సుమారు 300 రూపాయలని లెక్క చెప్పారు. పది అడుగులకి ఇరవై అడుగుల ఇల్లు అంటే 18.6 చదరపు మీటర్లు, దాదాపు 5,600 రూపాయలు. ఆ విధానంలో ఒక మెలిక ఉంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకీ, 600 గజాలు దాటిన ఇళ్ళ స్థలాలకీ అది తప్పనిసరి. అంతకు చిన్నవాటికి ఐచ్ఛికం. 40 గజాల రేకుల ఇల్లు ఐచ్ఛికం కిందికి వచ్చింది, ఐచ్ఛికం అంటే అక్కడ ఎవరూ డబ్బు పెట్టరని అర్థం. వార్డు డబ్బు పెట్టాల్సిన ఖాళీ అదే.

అన్ని కప్పులకీ ఒకటే మందు వేస్తే పాడవుతుంది. స్లాబుకి సున్నం సరిపోతుంది. రాతి సున్నం రాత్రే ఇనప డ్రమ్ములో నానబెట్టాలి, ప్లాస్టిక్ బకెట్లో వేస్తే ఆ వేడికి కరుగుతుంది. కలిపేవాళ్ళకి కళ్ళద్దాలు తప్పనిసరి, చిమ్మితే చూపు పోతుంది. పొద్దున బట్టతో వడకట్టి, పట్టు కోసం కాస్త వైట్ సిమెంటూ ఫెవికాలూ కలిపి మూడు కోట్లు. చవకే గానీ ఒక వానాకాలానికి వెలిసిపోతుంది, ఏటా వేయాలి. ఒకమాట ముందే ఇంటి ఆడవాళ్ళని అడగండి: ఆ డాబా మీద వడియాలు పెడతారా, మిరపకాయలు ఆరబోస్తారా, రాత్రి పక్కలు వేస్తారా? సున్నం బట్టలకీ పక్కలకీ అంటుకుంటుంది. అడక్కుండా వేసిన చోట వారంలో గోనె పట్టాలు పరిచేస్తారు, తెలుపంతా వాటి కింద దాగిపోతుంది. అక్రిలిక్ పూత అంటుకోదు, కానీ తడిస్తే జారుతుంది.

జింకు రేకుకి సున్నం వేయొద్దు, పట్టదు, పైగా సున్నంలోని క్షారం జింకు పొరని తింటుంది. దానికి తుప్పు గీకి, ప్రైమరు కొట్టి, కూల్ రూఫ్ అక్రిలిక్ రెండు కోట్లు. రంగు డబ్బా మీద రాసిన కవరేజీ చదునైన ఉపరితలానిది. రేకు వంపుల వల్ల ఇంకో పది, ఇరవై శాతం ఎక్కువ పడుతుంది, ఇది వేసుకోకపోతే చివరి నాలుగిళ్ళకి ఒకే కోటు మిగులుతుంది. ఆ చివరి నాలుగిళ్ళు ఎప్పుడూ సందు కొసన ఉన్నవే అవుతాయి. అందుకని పని కొసన మొదలుపెట్టి రోడ్డు వైపు రండి.

సిమెంటు రేకులు, అంటే ఆస్‌బెస్టాస్, వేరే జాగ్రత్త. పొడిగా ఉన్నప్పుడు వైరు బ్రష్షుతో గీకితే పోగులు గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్ళతో తడిపి మెత్తటి చీపురుతోనే కడగాలి, డ్రిల్లు పెట్టకూడదు. పాత రేకు మధ్యలో కాలు పెడితే విరిగి మనిషి కింద పడతాడు. బోల్టుల వరస కింద దూలం ఉంటుంది, ఆ వరసల మీద అడ్డంగా రెండు పలకలు వేసి, ఆ పలకల మీదే కదలాలి. పని పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, లేదా సాయంత్రం నాలుగు తర్వాత. మిట్టమధ్యాహ్నం కాలుతున్న రేకు మీద వేస్తే పైన పెచ్చు కట్టి, లోపల తడి మిగిలి తర్వాత ఊడిపోతుంది. ఇదంతా ఫిబ్రవరిలో మొదలై మార్చి మధ్యకి అయిపోవాలి, మేలో టెండరు పిలిస్తే జులైలో రంగు పడుతుంది. దుమ్ము పడితే తెలుపు పని తగ్గుతుంది, ఏటా ఉగాదికి ఇల్లు కడిగినప్పుడే కప్పు కూడా కడగమని చెప్పండి, కడగడానికి ఎక్కే మనిషికి ఆ పలకలు వార్డు ఆఫీసులో అందుబాటులో ఉంచండి.

టార్పాలిన్ గుడిసెకి రంగు కుదరదు. కిందటేడు ఫ్లెక్సీలున్నాయి కదా, వాటిని తెల్ల వీపు పైకి వచ్చేలా తిప్పి, వెదురు బద్దల మీద గుడిసె కప్పుకి జానెడు ఎత్తున కట్టండి. రెండు కప్పుల మధ్య గాలి ఆడితేనే ఫలితం. పొయ్యి ఉన్న వైపు కట్టొద్దు, అంటుకుంటుంది. తాటాకు దొరికే ఊళ్ళో తాటాకే మేలు.

అద్దె ఇళ్ళ దగ్గర ఒక చిక్కు వస్తుంది. రంగు వేయగానే యజమాని అద్దె పెంచితే మీ డబ్బుతో ముందు వరస కుటుంబాన్ని మీరే ఖాళీ చేయించినట్టు. రంగు వేసేముందు తెల్లకాగితం మీద రెండేళ్ళు అద్దె పెంచనని యజమాని సంతకం తీసుకోండి. కోర్టులో ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే మాట, వార్డు కమిటీ ముందు చేసిన సంతకాన్ని మన ఊళ్ళో తేలిగ్గా తప్పరు. రేకు మేకుల దగ్గర కారడం కూడా తగ్గుతుందని చెబితే యజమానులు ఒప్పుకుంటారు. కరెంటు దగ్గరా ఇలాంటిదే: తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకి 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు అద్దెవాళ్ళకీ వర్తిస్తుంది. కానీ నాలుగు వాటాలకి ఒకే మీటరు ఉంటే అందరి ఫ్యాన్లూ కలిసి 200 దాటేస్తాయి, ఉచితం ఎవరికీ రాదు. విడి మీటర్లకి దరఖాస్తు పెట్టించడం ఒక క్యాంపుతో అయ్యే పని, దీన్ని వాతావరణ ప్రణాళికలో ఎవరూ రాయరు గానీ రాయాలి.

ఫలితం చూడటానికి ఆరు గరిష్ఠ-కనిష్ఠ థర్మామీటర్లు కొనండి. మూడు రంగు వేసిన ఇళ్ళలో, మూడు వేయని ఇళ్ళలో, మంచం ఎత్తులో, గోడకి ఆనకుండా వేలాడదీయండి. మధ్యాహ్నం రెండు, రాత్రి పది, తెల్లవారి ఐదు. ఆ ఇంటి బడిపిల్లలు రాస్తారు. ఈ అంకెలు ఇంకో పనికీ వస్తాయి. వాతావరణ శాఖ మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు చేరి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటుంది, 45 దాటితే నేరుగా అంటుంది. కోస్తాలో హద్దు 37. ఆ కొలత తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో తీసింది. రేకుల కింద మంచం మీద అంతకన్నా ఎక్కువ ఉంటుంది. అందుకని పెద్ద హెచ్చరిక రాకముందే మీ థర్మామీటర్లు ఒక హద్దు దాటితే కదిలేలా వార్డుకి సొంత నియమం పెట్టుకోండి. మచిలీపట్నం వైపు ఉక్కపోత వేరు, రామగుండం పొడి వేడి వేరు, ఒకరి హద్దు ఇంకొకరికి పనికిరాదు.

హెచ్చరిక ఎలా చేరుతుంది? ‘ఆరెంజ్ అలర్ట్’ అన్న మాట ఎవరికీ ఏ పనీ చెప్పదు. ‘రేపు పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని ఆపండి, ముసలివాళ్ళని స్కూలు గదికి తీసుకురండి’ అంటే అర్థమవుతుంది. ముప్పై సెకన్ల ఆడియో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా, తండా ఉంటే లంబాడీలో, ఆ భాష ఇంట్లో మాట్లాడే ఆడమనిషి గొంతుతో చేయించండి. లంబాడీ తెలుగు లిపిలో రాసి అంటించినా చదివేవాళ్ళు తక్కువ, వినిపిస్తే అందరికీ చేరుతుంది. మసీదు, చర్చి, గుడి మైకులు ముందురోజు సాయంత్రం వాడుకోవచ్చు. ఫోన్ మెసేజీని మాత్రమే నమ్ముకోవద్దు, ఇంటికి ఒక ఫోన్ ఉంటే అది మగవాడి జేబులో పనికి పోతుంది. చెవుడున్నవాళ్ళ కోసం వాటర్ ట్యాంకు మీద ఎర్ర జెండా, చూపు లేనివాళ్ళ కోసం ఆశా తలుపు తట్టడం. ఇవి రెండూ ఖర్చులేనివి.

స్కూలు గది అన్నాను కదా, ఎండాకాలం స్కూలుకి సెలవులు, తాళం హెడ్మాస్టరు దగ్గర, ఆయన సొంతూళ్ళో. ఏప్రిల్ మొదట్లోనే రెండో తాళంచెవి వార్డు ఆఫీసుకి రాయించుకోండి. స్కూలు, అంగన్‌వాడీ, బస్తీ దవాఖానా ఏ ఒక్క కులానిదీ కానివి, అందుకే అవే మేలు. సాయంత్రం ఐదింటికి మూసేయొద్దు, కనీసం రాత్రి పది దాకా, ఆడవాళ్ళకి విడి గదీ ఒక ఆడ కాపలా మనిషీ ఉండాలి.

బట్టీల దగ్గర ‘మధ్యాహ్నం విశ్రాంతి తీసుకోండి’ అనే సలహా పనిచేయదు. కూలి వెయ్యి ఇటుకలకి ఇంత అని ఉంటుంది, పైగా ఊరి నుంచి వచ్చేటప్పుడే అడ్వాన్సు తీసుకుని వస్తారు. ఆగిన ప్రతి గంటా అప్పు మీద పడుతుంది. అక్కడ అడగాల్సింది విశ్రాంతి కాదు, పనివేళ. తెల్లవారుజామున మూడింటికి మొదలెట్టి పదింటికి ఆపడం, మళ్ళీ సాయంత్రం. దానికి లైట్లు, ఆ వేళకి నీళ్ళ ట్యాంకరు, పిల్లలని చూసే మనిషి కావాలి, ఇవి యజమాని ఒప్పుకోవాల్సినవి. మీరు ఒంటరిగా వెళ్తే గేటు తీయరు. తహసీల్దారు, లేబర్ అధికారి, ఏఎన్ఎం కలిసి వెళ్ళాలి. మాట్లాడిన కూలీల పేర్లు యజమానికి తెలిసేలా రిజిస్టరులో రాయొద్దు. బట్టీ పంచాయతీ పరిధిలో ఉంటే మీ డబ్బు అక్కడ ఖర్చు పెట్టడానికి రాదు, పంచాయతీ కార్యదర్శిని మొదటి రోజు నుంచే కూర్చోబెట్టుకోండి. పని ఆగినందుకు కూలి ఎవరిస్తారన్న ప్రశ్నకి గుజరాత్‌లో ‘సేవా’ అనే ఆడ కార్మికుల సంఘం ఒక దారి వెతికింది. 2023లో 21,000 మంది ఆడకూలీలతో ఎండ బీమా మొదలుపెట్టింది. ఎండ ఒక హద్దు దాటితే ఆస్పత్రి కాగితం లేకుండానే డబ్బు ఖాతాలో పడుతుంది. ఒక వార్డు వల్ల అయ్యే పని కాదు గానీ, పట్టణ మహిళా సంఘాల సమాఖ్య స్థాయిలో ఆలోచించదగ్గది.

ఒఆర్ఎస్ ఎక్కడ పంచినా ఒక తప్పు జరుగుతుంది. 20.5 గ్రాముల ప్యాకెట్ లీటరు నీళ్ళకి. దాన్ని గ్లాసులో కలిపి ఇస్తే ఉప్పు ఎక్కువై పసిపిల్లలకి ప్రమాదం. ప్యాకెట్‌తో పాటు లీటరు సీసా చూపించి కలిపించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. తీపి డ్రింకుల డబ్బాల మీద ఒఆర్ఎస్ అని రాయడాన్ని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆపించింది, పాత సరుకు ఇంకా ఉండొచ్చు, చూసి కొనండి. మనిషి తడబడుతూ మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పినా 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఆగకుండా ఒళ్ళంతా తడిపి విసరాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు.

చివరిగా చావు కాగితం, ఇక్కడే అన్యాయం ఎక్కువ. తెలంగాణ 2025లో వడదెబ్బని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి పరిహారం 4 లక్షలు చేసింది. కానీ రేకుల ఇంట్లో రాత్రి పోయిన ముసలాయన ‘గుండె ఆగి’ పోయినట్టు రాస్తారు. పోస్ట్‌మార్టం లేకపోతే తహసీల్దారు, పోలీసు, వైద్యాధికారి విచారణలో వడదెబ్బ అని తేలడం కష్టం. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళకి ఆ గంటలో ఇవన్నీ తెలియవు. ముస్లిం కుటుంబాల్లో ఖననం ఆలస్యం చేయరు, అక్కడ ఇంకా తక్కువ సమయం ఉంటుంది. అందుకని ఏప్రిల్‌లోనే ముందు వరస ఇళ్ళకీ, మసీదు కమిటీకీ, పాస్టరుకీ చెప్పి ఉంచండి: కబురు ముందు ఆశాకి, ఆమె వచ్చి ఒంటి వేడి, గది వేడి, చూసిన సమయం రాస్తుంది, తహసీల్దారుకి ఫోన్ చేస్తుంది. ఆ కాగితం రెండు కాపీలు, ఒకటి ఇంట్లో ఉండాలి. బట్టీలో పోయిన ఒడియా కూలీ శవాన్ని రాత్రికి రాత్రే సొంతూరికి పంపేస్తారు, ఆ కేసుల్లో ఈ కాగితం తప్ప ఇంకో ఆధారం మిగలదు.

5 లక్షల పంపకం, ధరలు మీ ఊరిని బట్టి సరిచేసుకోండి: 40 రేకుల ఇళ్ళ పూత 2,24,000. ఆడవాళ్ళ మరుగుదొడ్ల మరమ్మతు 75,000. అడ్డా దగ్గర రెండు నీడ పందిళ్ళు 50,000, పదడుగుల ఎత్తు ఉండాలి, లేకపోతే కింద వేడి నిలుస్తుంది. పందిరి మీది నీడ నెట్టుని నాలుగు మూలలే కాక ప్రతి మూడడుగులకీ కట్టాలి, లేకపోతే మే నెల గాలిదుమారానికి ఒకే పూటలో చిరుగుతుంది. రెండు చలివేంద్రాల నిర్వహణ 60 రోజులకి 48,000, నీళ్ళ క్యాన్లు 12,000, మీటింగుల గౌరవ వేతనం 25,000, ఆడియో, ఆటో మైకు 10,000. మిగిలిన 56,000 ఎవరికీ కేటాయించకండి. మే మొదటి వారంలో మళ్ళీ రెండు నడకలూ నడిస్తే, మొదటిసారి కనిపించని ఇళ్ళు ఇంకో పది, పదిహేను తేలతాయి, ఆ డబ్బు వాళ్ళది.